పదకొండు తరవాత పది

అనకాపల్లి,
22 నవంబరు 2003.

కాలు విరిగినా నోరు విరగని మా స్టీవెన్ బావకి,

నువ్వు సైకిలు మీంచి పడ్డావని చెల్లి తబితా రాసిన కార్డు అందింది. యాభై దాటినవాడివి, వెనక బియ్యం బస్తా, ముందు కొబ్బరికాయల సంచీ వేసుకుని నాతవరం దిగుడు రోడ్డులో బ్రేకు లేకుండా వెళ్ళడం ఏమిటయ్యా? స్కూల్లో అటెండరువి కాబట్టి సరిపోయింది. అదే డ్రిల్లు మాస్టారువి అయితే పిల్లలు కూడా నీలాగే తయారయ్యేవారు. మా ఆవిడ మేరీ నీకోసం తొమ్మిది రోజుల నొవీనా ప్రార్థన చేస్తోంది.

ఒక్క ఫోను కొడితే పోయేదానికి ఈ రాతలేమిటని మావాళ్ళు విసుక్కుంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు రెండు ప్రొజెక్టర్ల మధ్య కూర్చున్న చెవులు నావి. పక్కన నిలబడి పొలికేక పెడితే వినబడుతుంది. ఫోనులో అయితే దోమ పాడినట్టు ఉంటుంది. కాబట్టి నీకూ నాకూ పోస్టుమానే దిక్కు.

ఇక్కడి సంగతి. జనవరి ఐదుకి మన "పడవ దిగిన పెళ్ళికొడుకు" సినిమా వచ్చి పాతికేళ్ళు. నిన్న పేపరువాడొకడు ఇంటికొచ్చి ఫొటో తీసుకుని, ఇవాళ వేసేశాడు కూడా. "రాష్ట్రమంతటా రెండు వారాల్లో దిగిపోయిన ఈ చిత్రం ఒక్క అనకాపల్లిలో నూరు రోజులు ఆడింది. చనిపోయిన తల్లి తిరిగొచ్చి కొడుక్కి బెల్లం అన్నం కలిపి పెట్టే ఘట్టాన్ని ఇక్కడి ప్రజలు ఇప్పటికీ మరిచిపోలేదు. ఏటా జనవరి అయిదున మార్నింగ్ షో, ఆ తరువాత హాలు ఆవరణలో అందరికీ బెల్లం అన్నం" అని రాశాడు. బాగానే రాశాడు. నా పేరు మాత్రం తిమ్మయ్య అని వేశాడు.

హాలు పెద్దాయన పోయాక ఇప్పుడు కొడుకు కన్నబాబే కదా చూసుకుంటున్నాడు. పాత ప్రింటు పోయినేడాదే పీలికలైపోయింది. అతను చెన్నై నుంచి కొత్త ప్రింటు తెప్పిస్తున్నాడు. మొదటి రోజు బొమ్మ వేసిన ఆపరేటరు అని నాకు శాలువా కప్పుతాడట. స్టేజీ కూడా కడతారట.

నేను రానన్నాను. జనవరి చలికి నాకు దగ్గు పట్టుకుంటుందని చెప్పాను. మేరీకి కోపం వచ్చి రెండు రోజులుగా కూరలో ఉప్పు వెయ్యడం లేదు.

కాలు కదపకు.

నీ బావ,
తిమోతి

*

నాతవరం,
30 నవంబరు 2003.

శాలువా వద్దన్న మొదటి అనకాపల్లి మనిషికి,

బావా, నీకు దగ్గా? ఆ ఇరుకు గదిలో ప్రొజెక్టరు కార్బన్ పొగ మింగుతూ బతికినవాడివి. అప్పుడు రాని దగ్గు ఇప్పుడు శాలువా చూసి వస్తుందా? నీ అబద్ధం మేరీ అక్కే నమ్మలేదు, నేనెలా నమ్ముతాను?

నేను బాగున్నాను. తొడ దాకా పిండికట్టు. దాని మీద స్కూలు పిల్లలంతా వచ్చి పేర్లు రాసిపోయారు. ఒకడు లెక్క కూడా చేశాడు, తప్పు. తబితా అన్నం పెడుతూ తిడుతోంది, తిడుతూ పెడుతోంది. సైకిలు మీంచి పడటం నాకు కొత్త కాదులే.

నీతో ఆ హాల్లో పనిచేసిన రోజులు నాకు బాగా గుర్తు. ఆ సినిమాకి మనవైపు వచ్చిన ప్రింటు ఒక్కటే, హాళ్ళు రెండు. కశింకోట టూరింగ్ టాకీసులో మన కంటే గంటన్నర ముందు ఆట మొదలయ్యేది. అక్కడ అయిపోయిన రీళ్ళను రెండేసి డబ్బాల చొప్పున సైకిలు మీద కట్టుకుని నేను శారదా బ్రిడ్జి దాటి తెచ్చేవాడిని. మెట్ల మీద నిలబడి నువ్వు నన్ను తిట్టేవాడివి. వారం తిరక్కుండా కశింకోట వాళ్ళు సినిమా ఎత్తేశారు. ఆ తరవాత పని తేలికై నాకు నీ చెల్లెలి వైపు చూసే తీరిక దొరికింది.

మనవాళ్ళకీ కశింకోట వాళ్ళకీ అయిన గొడవ గుర్తుందా? "తల గొరిగించుకున్నోడికి మళ్ళీ రీల్లో జుట్టెలాగొచ్చిందిరా?" అని వాళ్ళు. "కల్లో జుట్టుంటాది గదరా!" అని మనవాళ్ళు. టీ కొట్టు దగ్గర గ్లాసులు కూడా పగిలాయి.

అంత సరదా రోజుకి నువ్వు రానంటే ఏదో ఉంది. చెప్పు. నా కాలే విరిగింది, చెవులు బాగానే ఉన్నాయి.

స్టీవెన్

*

అనకాపల్లి,
8 డిసెంబరు 2003.

స్టీవెన్ బావకి,

ఈ ఉత్తరం తబితాకి చూపించకు. మేరీకి కూడా తెలియని సంగతి ఇది.

ఆ తల్లి తిరిగి రాలేదు బావా. ఆ సినిమాలో అలాంటి సీనే లేదు.

పదో రీల్లో తల్లి కొడుక్కి అరుగు మీద బెల్లం అన్నం కలిపి పెడుతుంది. పదకొండో రీల్లో చచ్చిపోతుంది, వాడు తల గొరిగించుకుంటాడు. కథ తీసినవాడు తీసింది అంతే. మొదటి రోజు మ్యాట్నీలో నేను పది అనుకుని పదకొండు వేశాను. డబ్బా మూత మీద పది అని ఉంది. మూత చూసి ఎక్కించేశాను. ఆపరేటరు అన్నవాడు మూతని నమ్మకూడదు, ఫిల్ము మొదట్లో ఉండే లీడర్ మీది నంబరు చూసుకోవాలి. నాకు నేర్పిన గురువు మొదటి రోజు నేర్పిన మొదటి ముక్క అదే. ఆ రోజు నువ్వు ఆలస్యంగా వచ్చావు, కింద జనం ఈలలు వేస్తున్నారు, నేను చూసుకోలేదు.

ఆట అయ్యాక రీళ్ళు వెనక్కి చుడుతుంటే తెలిసింది. పెద్దాయనతో చెప్పేద్దామని మెట్లు దిగుతున్నాను, ఆయనే ఎదురొచ్చాడు. పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. "తిమోతీ, ఏటి సినిమారా ఇది! ఆడోళ్ళు కుర్చీల్లోంచి లెగట్లేదురా!" అన్నాడు. కిందకి చూస్తే నిజంగానే లేవడం లేదు. బెంచీలో మరిడమ్మ ఉంది. అదే, గేటు దగ్గర బఠాణీలు అమ్మేది. అప్పటికి పదిహేడేళ్ళ పిల్ల. క్రిస్మస్ ముందే వాళ్ళమ్మ పోయింది. కబురందుకుని రాంబిల్లి నుంచి ఈ పిల్ల వచ్చేసరికి మట్టి చేసేశారు. ఆఖరి చూపు కూడా లేదు. ఆ పిల్ల ఖాళీ తెర వంక చూస్తూ నవ్వుతోంది బావా. ఏడుస్తోంది, నవ్వుతోంది.

చెప్పకుండానే మళ్ళీ మెట్లెక్కాను. ఫస్ట్ షో కూడా అదే వరసలో వేశాను. నూరు రోజులు వేశాను. తరవాత ఏటా వేశాను. రిటైరయ్యాక కూడా ఆ ఒక్క రోజు ప్రొజెక్టరు బూత్‌లోకి నేనే వెళ్ళేవాడిని, ఎవరూ డబ్బాలు ముట్టుకోకుండా. జనవరి అయిదున బెల్లం అన్నం వండటం మొదలుపెట్టిందే మరిడమ్మ. మొదట తన గిన్నెడు, ఇప్పుడు ఆరు డేగిసాలు.

ఇప్పుడు కొత్త ప్రింటు వస్తోంది. ఇప్పటి ఆపరేటరు దేముడు పనిమంతుడు, లీడరు చూడకుండా రీలు ముట్టుకోడు. వాడు సరైన వరసలోనే వేస్తాడు. పాతికేళ్ళ పండగ నాడు ఆ తల్లి చచ్చిపోతుంది, ఇక రాదు. మరిడమ్మ ముందు బెంచీలోనే కూర్చుని ఉంటుంది. ఆ పక్కనే స్టేజీ మీద నాకు శాలువా. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పూ చెయ్యని ఆపరేటరు అని కన్నబాబు మైకులో చెబుతాడట.

ఇప్పుడు చెప్పు, నాకు దగ్గు రాదా?

తిమోతి

*

నాతవరం,
17 డిసెంబరు 2003.

బావకి,

ఉత్తరం అందింది. ఇక్కడ చలి బాగా ఉంది. స్టార్ కట్టడానికి ఈసారి నేను నిచ్చెన ఎక్కలేను కదా, తబితాయే ఎక్కింది. కొంచెం వంకరగా ఉంది. క్రిస్మస్ కేకుకి ఓవెను ఉన్నవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు, కుక్కరులో చేసింది.

నువ్వు రాసిన దాని గురించి ఎక్కువ ఆలోచించకు. ఎప్పటి సంగతో అది. తప్పు నీ ఒక్కడిదే అని ఎందుకు అనుకుంటావు? జనానికి నచ్చింది, చూశారు. ఆపరేటరు దేముడు మంచివాడే కదా. ఐదో తారీకు పొద్దున్నే బూత్‌లోకి వెళ్ళి రెండు డబ్బాలు మార్చేసి రా. అడిగితే పాత కాలం పద్ధతి అను. ఎవరికీ ఏమీ చెప్పకు. నాకు చెప్పావు, చాలు.

కాలు దురద పెడుతోంది, రాయడం కుదరడం లేదు. మేరీ అక్కకి హ్యాపీ క్రిస్మస్.

స్టీవెన్

*

అనకాపల్లి,
1 జనవరి 2004.

స్టీవెన్ బావకి, తబితాకి కొత్త సంవత్సరం శుభాలు.

నీ పోయిన ఉత్తరం నీది కాదనిపించింది. ముందు చలి, స్టారు, కేకు, ఆ తరవాతే నా ప్రాణం మీది సంగతి. వేళాకోళం కూడా లేదు. కాలు నొప్పి అయి ఉంటుందిలే అనుకున్నాను.

పొద్దున మేరీ తన కేథలిక్ గుడికి, నేను నా చర్చికి. ఆరాధన అయ్యాక మామూలుగానే బైబిలు వాక్యాలు రాసిన వాగ్దాన కార్డుల పళ్ళెం తిప్పారు. కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. నిరుడు నాకు పంటల గురించి వచ్చింది. నాకు సెంటు భూమి లేదు, ఏడాదంతా నవ్వుకున్నాం. ఈసారి నవ్వలేదు. నోటితో నిజమే పలకాలని ఉంది. పాస్టరుగారు నా చేతిలోంచి తీసుకుని పైకి చదివారు, నా చెవులకి అందేలా, అంటే చర్చి మొత్తానికి. ఈ చర్చిలో పాతికేళ్ళ కిందట నన్ను సినిమావాడని కోయిర్‌లో పాడనివ్వలేదు. పాస్టరమ్మగారు మాత్రం ఏటా జనవరి అయిదున ముసుగు వేసుకుని బాల్కనీలో కూర్చుంటారు. నాకు బూత్ కిటికీలోంచి కనబడుతుంది.

కార్డు జేబులో పెట్టుకుని హాలు వైపు నడిచాను. కొత్త ప్రింటు వచ్చేసింది. దేముడు డబ్బాలన్నీ తుడిచి వరసగా పేర్చాడు. నన్ను ఒక్కడినే వదిలి టీకి వెళ్ళాడు. నువ్వు చెప్పినట్టు మార్చెయ్యాలంటే చిటికెలో పని. చెయ్యి వేశాను కూడా. అప్పుడు తెలియక మొదలైంది వేరు, ఇప్పుడు తెలిసి ఇంకొకడి డబ్బాలు దొంగలా మార్చడం వేరు. చెయ్యి తీసేశాను.

గేటు దగ్గర మరిడమ్మ కనబడింది. నా చెవి పట్టుకుని అరిచింది, "ఈసారి మునగపాక బెల్లం తెప్పించేను బాబూ, నువ్వు రాకపోతే ఊరుకోను, సూడు!" అని. ఆ మనిషి మొహం చూసి ఇది చెప్పడం కంటే నా నోరు కుట్టేసుకోవడం నయం అనిపించింది.

అయినా చెబుతాను బావా. స్టేజీ ఎక్కి, శాలువా కప్పకముందే చెబుతాను. తిట్టేవాళ్ళు తిడతారు. మరిడమ్మ నా మొహం చూడకపోవచ్చు. నాకు భయం ఆ ఒక్కదానికే.

నువ్వు పక్కన ఉంటే బాగుండేది.

తిమోతి

*

నాతవరం,
3 జనవరి 2004.

బావా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు, తబితా చేతికిచ్చి పంపుతున్నాను. అంటించేశాను. నువ్వు చదివాక దానికి ఇస్తావో చింపేస్తావో నీ ఇష్టం.

మూత మీద పది ఉంటే లోపల పదకొండు ఎలా వచ్చిందని నువ్వు ఎప్పుడూ అడగలేదు. కశింకోటవాడి పొరపాటు అనుకుని ఉంటావు. అది నేను.

ఆ రోజు శారదా బ్రిడ్జి మీద పడ్డాను. ఎందుకు పడ్డానో కూడా చెప్పేస్తాను. కింద రేవులో తబితా బట్టలు ఉతుకుతోంది. రోడ్డు వదిలేసి అటు చూస్తున్నాను. రెండు డబ్బాలూ దొర్లి మూతలు ఊడిపోయాయి. ఒక రీలు ఇసకలో పడి కొంత విప్పుకుంది కూడా. తువ్వాలుతో తుడిచి, చుట్టి, ఏది చేతికొస్తే అది డబ్బాలో కుక్కి, మోకాలు రక్తం కారుతుండగా తొక్కుకుంటూ వచ్చాను. తెర మీద అమ్మ ముఖం చుట్టూ చుక్కలు మెరుస్తున్నాయని జనం దండాలు పెట్టేవారు చూడు. అవి చుక్కలు కావు బావా, బ్రిడ్జి మీది ఇసక.

మర్నాడు మనవాళ్ళ కథ, కశింకోట కథ వేరని తెలిశాక నాకు అర్థమైంది. ఆ వారమే మా అమ్మ మీ ఇంటికి సంబంధం అడగడానికి వస్తోంది. రెండు డబ్బాలు తిన్నగా తేలేనివాడికి చెల్లెల్ని ఇస్తావా? నోరు మూసుకున్నాను. పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. తరవాత పిల్లలయ్యాక అనుకున్నాను. నీకు తెలియనే తెలియదు, గుట్టు నా ఒక్కడిదే అనుకున్నాను. నువ్వు కూడా ఇన్నేళ్ళు అదే మోస్తున్నావని డిసెంబరులో చదివి నాకు అన్నం సహించలేదు. దానికి జవాబుగా కేకు గురించి రాశాను. సిగ్గుగా ఉంది.

నీ పేరుతో చెప్పకు. స్టీవెన్ పడేశాడని చెప్పు. నిజం అదే. కట్టు లేకపోతే నేనే వచ్చి చెప్పేవాడిని.

నీ బావ, ఇంకా బావనే అయితే,
స్టీవెన్

*

అనకాపల్లి,
6 జనవరి 2004.

ఇసక మోసిన మా బావకి,

తబితా రెండు గంటల బస్సుకి బయలుదేరుతోంది. ఈలోగా రాసెయ్యాలి. ఇవాళ ముగ్గురు రాజుల పండగ. మేరీ ఆ ముగ్గురి బొమ్మల్నీ క్రిస్మస్ పశువుల పాక ముందు నిలబెట్టి, స్టార్ దింపమని నా మీద అరుస్తోంది. వినబడనట్టు కూర్చున్నాను. ఈ చెవులతో ఒక్కటే సుఖం.

నిన్నటి సంగతి. హాలు నిండిపోయింది. పాస్టరమ్మగారు ఈసారి ముసుగు లేకుండానే వచ్చారు. కన్నబాబు మైకు పట్టుకుని నా గురించి ఏవేవో చెప్పి శాలువా విప్పాడు. చేత్తో ఆపాను. నాకు మైకు అక్కర్లేదు కదా, నా గొంతు నాకు వినబడక ఎలాగూ అరుస్తాను. మొత్తం చెప్పేశాను. మూత చూశాననీ, లీడరు చూడలేదనీ, తెలిశాక కూడా దాచాననీ. ఆ తల్లి తిరిగి రావడం ఎవరూ రాసింది కాదు, నా తప్పు అని చెప్పాను.

జనం ఏమన్నారో నాకు వినబడదు. అందుకని మూతులు చూశాను. ఒక్క మూతీ కదలడం లేదు. కన్నబాబు శాలువా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అప్పుడు మరిడమ్మ లేచింది. గరిట చేతిలోనే ఉంది, వంట మధ్యలో వచ్చినట్టుంది. స్టేజీ ఎక్కి నా చెవి దగ్గర అరిచింది. అది అరిస్తే హాలంతటికీ వినబడుతుంది.

"నాకు తెల్దేటి బాబూ? ఆ వారమే కశింకోట కూడా ఎల్లేను. అక్కడ అమ్మ ముందు అన్నం ఎట్టీసి, తరవాత సచ్చిపోయింది. దీపాలేసీసినా కూకున్నాను, వత్తాదేమోనని. రాలేదు. మా అమ్మా అలాగే ఎల్లిపోయింది. అంచేత మళ్ళీ ఈ హాలుకే వచ్చేను. ఇక్కడైతే వత్తాది గదా."

"మరి పాతికేళ్ళలో ఒక్కసారైనా నాతో అనలేదేం?" అని అడిగాను.

"సెప్తే నువ్వు సరి సేసీత్తావని బయం బాబూ," అంది.

నేను అక్కడే, అందరి ముందూ ఏడ్చాను. సిగ్గు లేదు, బాగా ఏడ్చాను. ఎంతకాలంగానో బిగబట్టింది వదిలినట్టయింది. పైనుంచి దేముడు బూత్ కిటికీలో తల పెట్టి చేత్తో ఏది ముందు అని అడుగుతున్నాడు. అప్పుడు హాల్లో మూతులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఏమన్నారో నాకు వినబడకుండానే తెలిసింది. కన్నబాబు కప్పేసిన శాలువాతోనే మెట్లెక్కాను. డబ్బాలు తెరిచి, లీడరు మీది నంబరు కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివి, పదకొండు ముందు ఎక్కించాను, తరవాత పది.

తల్లి వచ్చింది. అన్నం కలిపింది. కొత్త ప్రింటు కాబట్టి ముఖం అద్దంలా ఉంది. ఆట అయ్యాక మరిడమ్మ వచ్చి, "అన్నీ బాగున్నాయి గానీ, ఆ సుక్కలేవి బాబూ?" అని అడిగింది. "అవి తెచ్చేవాడికి కాలు విరిగిందమ్మా" అన్నాను. తబితా పక్కనే ఉంది. నీ ఉత్తరం అంతకుముందే దానికి ఇచ్చేశాను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ రోజు మోకాలేమిటని అడిగితే నిన్ను ఎద్దు పొడిచిందని చెప్పావట కదా? ఆ ఎద్దు గలాయన ఇంటికి ఇది పాతికేళ్ళుగా వెళ్ళడం మానేసిందట. ఇవాళ సాయంత్రం నీకు ఏం జరుగుతుందో నాకు తెలియదు. కదలలేవు కూడా.

నీ పేరు స్టేజీ మీద చెప్పలేదు. పడినవాడు పడ్డాడు, మూతని నమ్మినవాడిని నేను. అప్పుడే తెలిసి ఉంటే చెల్లెల్ని ఇచ్చేవాడినా అని రాత్రంతా ఆలోచించాను. ఇచ్చేవాడినే. కాకపోతే ముందు ఆ సైకిలు అమ్మించేవాడిని.

ఆవరణలో మొదటి ముద్ద మరిడమ్మ తన చేత్తో నా నోట్లో పెట్టింది. మా అమ్మ పోయి నలభై ఏళ్ళు. అప్పటి నుంచి నాకు ఎవరూ ముద్ద పెట్టలేదని ఆ ముద్ద మింగుతుంటే తట్టింది. రెండో ముద్ద నీకట. డబ్బాలో పెట్టి తనే మూత బిగించింది. మూత మీద మేరీ నీ పేరు రాసింది.

మూత తీసి, లోపల ఏముందో చూసుకుని తిను.

నీ బావ,
తిమోతి